ఎర్ర కోటుకు నల్ల గుండీ

యున్‌ఫాంగ్ అబద్ధం చెబుతోందని నాకు తొమ్మిదీ పన్నెండుకే తెలిసింది. ఎందుకు చెబుతోందో తెలియడానికి ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. అందులో నా వంతు ఎంతో తేలేసరికి సాయంత్రమైంది.

ఆ రోజు మంగళవారం. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి ఆమెకు గ్రీన్ కార్డు రెండో ఇంటర్వ్యూ. మొదటిసారి అనుమానం తగిలిన జంటలనే రెండోసారి పిలుస్తారు. భర్తను ఒక గదిలో, భార్యను ఇంకో గదిలో కూర్చోబెట్టి, ఒకే ప్రశ్నలు ఇద్దరినీ అడిగి, జవాబులు పక్కపక్కన పెట్టి చూస్తారు. ఈసారీ పొసగకపోతే అది దొంగ పెళ్ళని రాసేస్తారు. ఆ మాట ఒక్కసారి ఫైలులోకి ఎక్కిందంటే ఆమె చైనా తిరిగి వెళ్ళాల్సిందే. భర్త డెస్మండ్ ఎన్ని దరఖాస్తులు పెట్టుకున్నా మళ్ళీ రానివ్వరు.

లాయర్ ఆడ్లర్ తన గదిలో, యున్‌ఫాంగ్ పక్కనే ఉండగా, నోటు పుస్తకం నా వైపు తోసింది.

"ఆగస్టు పన్నెండున ఇమిగ్రేషన్ ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం వచ్చిందట. మొదటి ఇంటర్వ్యూలో అధికారి అందులోని మూడు మాటలు చదివింది. రాసుకున్నాను, చూడండి."

చూశాను. ఒకటి, ఈ భార్యాభర్తలు ఒకే కప్పు కింద పడుకోరు. రెండు, గుమ్మం దగ్గర కనిపించే ఆడవాళ్ళ చెప్పులు చూపించడానికి పెట్టినవి. మూడు, భార్య పుట్టినరోజు ఎప్పుడో భర్తను అడగండి, తెలియదు.

"అడిగారా?"

"అడిగారు. డెస్మండ్ సెప్టెంబర్ ఇరవై అయిదు అన్నాడు. ఈమె ఆగస్టు ఇరవై మూడు అంది. పాస్‌పోర్టులో ఉన్నది ఆగస్టే. రాత్రుళ్ళు ఇంట్లో ఎవరెవరు ఉంటారంటే ఈమె రోజూ ఇద్దరం ఉంటామంది. అతను నెలలో నాలుగైదు రోజులే కలిసి ఉంటామన్నాడు." ఆడ్లర్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "చిన్ గారూ, ఇద్దరిలో అబద్ధం ఎవరిది? ఉత్తరం ఎవరిది? నాకు ఈ రెండూ సాయంత్రానికి కావాలి."

ఫ్లషింగ్‌లో, మా చైనా వాళ్ళ పేటలో, నేను ఇరవై రెండేళ్ళు ఎండు సరుకు అమ్మాను. రొయ్యలు, పుట్టగొడుగులు, ఎర్ర ఖర్జూరాలు. ఇప్పుడు లాయర్లకు పెళ్ళిళ్ళు పరీక్షించి పెడుతున్నాను. పనిలో పెద్ద తేడా లేదు. ఎండు రొయ్యలకు రంగు పూశారనిపిస్తే గోరువెచ్చని నీళ్ళలో వేసి కాసేపు కూర్చోవాలి. తొందరపడి విరిచి చూస్తే ఏమీ తెలియదు.

అందుకే యున్‌ఫాంగ్‌ను మామూలు మాటలే అడిగాను. ఆమెకు నలభై మూడేళ్ళు. ఊరు ఈశాన్యాన ఫూషున్. జుట్టు బిగించి ముడేసుకుంది. గోళ్ళు చివర తెల్లదనం లేకుండా కత్తిరించుకుంది. చేతులు కదిలినప్పుడల్లా అల్లం వాసన వేస్తోంది.

"ఏం పని చేస్తావమ్మా?"

"ఆఫీసులో. కాగితాలు సర్దే పని, బాబాయిగారూ."

"ఎన్నింటికి వెళ్ళాలి?"

"తొమ్మిదింటికి. ఇవాళ సెలవు."

గోడ గడియారం ఆమెకు ఎదురుగా ఉంది. పావుగంటలో అయిదుసార్లు చూసింది. సెలవు పెట్టిన మనిషికి గడియారంతో అంత పనేముంటుంది?

"పిల్ల వయసెంత?" అన్నాను.

"ఏ పిల్ల? మాకు పిల్లలు లేరు."

"నువ్వు జోకొడుతున్న పిల్ల."

ఆమె తన ఒళ్ళోకి చూసుకుంది. బ్యాగు మీద కుడి అరచెయ్యి. రెండు దెబ్బలు మెత్తగా, ఒక విరామం. మళ్ళీ రెండు దెబ్బలు. కూర్చున్నప్పటి నుంచీ ఆ చెయ్యి ఆగలేదు. ఇప్పుడు ఆగింది. ముందు చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ.

"పన్నెండు రోజులు" అంది నేల వైపు చూస్తూ. "ఆడపిల్ల. పదకొండింటికి పాలు పట్టాలి. రెండు గంటలే బయటికి పంపారు."

ఆడ్లర్‌కు అర్థం కాలేదు. నేను చెప్పాను. మా వాళ్ళలో పురుడయ్యాక నెల రోజులు బాలింత గడప దాటదు, చన్నీళ్ళు ముట్టదు. డబ్బున్న ఇళ్ళలో ఆ నెలకు ఒక మనిషిని పెట్టుకుంటారు. ఆ మనిషి ఇరవై ఆరు రోజులు ఆ ఇంట్లోనే ఉండి బాలింతకు అల్లం నీళ్ళ స్నానం, సూపులు, రాత్రిళ్ళు పసిబిడ్డ పని, అన్నీ చూడాలి. మధ్యలో ఇంటికి వెళ్ళడం ఉండదు. ఒక ఇల్లు అయ్యాక నాలుగు రోజులు విరామం, తర్వాత ఇంకో ఇల్లు.

"పని చేసుకునే అనుమతి ఉందిగా! ఇందులో దాచడానికి ఏముంది?" అంది ఆడ్లర్.

"ఫూషున్‌లో పద్దెనిమిదేళ్ళు బడిలో సంగీతం చెప్పాను మేడమ్. ఇక్కడ ఆఫీసులో చేస్తున్నానని అమ్మతో చెప్పాను. అధికారి ముందు బాలింతల గుడ్డలు ఉతుకుతానని ఎలా చెప్పను? అదీకాక, నెలలో ఇరవై ఆరు రాత్రుళ్ళు మొగుడి దగ్గర లేని పెళ్ళాన్ని ఎవరు నమ్ముతారు? రోజూ ఇంట్లోనే ఉంటానని చెప్పమన్నారు."

"ఎవరు?"

బ్యాగు జిప్పు లాగి మళ్ళీ మూసింది.

"పుట్టినరోజు ఆగస్టు ఇరవై మూడనీ వాళ్ళే చెప్పమన్నారా?"

"కాగితంలో ఉన్నదే చెప్పమన్నారు. నిజానికి నేను పుట్టింది ఎనిమిదో నెల ఇరవై మూడున, మన చంద్రుడి లెక్కలో. ఊళ్ళో గుమాస్తా ఆ అంకెలే తీసి ఆగస్టు ఇరవై మూడని ఎక్కించాడు." గొంతు తగ్గింది. "డెస్మండ్ చెప్పిందే నిజం. రెండు ప్రశ్నలకూ నిజం చెప్పింది ఆయనే. నేను పక్కనే కూర్చుని ఆయన్ను అబద్ధాలకోరును చేశాను."

పది గంటల అయిదు నిమిషాలకు లేచి, ఇద్దరికీ వంగి దండం పెట్టి వెళ్ళిపోయింది. చెప్పమన్నది ఎవరో మాత్రం చెప్పలేదు.

పదీ నలభైకి డెస్మండ్ తలుపు తీశాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, లిఫ్టులు బాగుచేస్తాడు. మోకాళ్ళు అరిగిపోయి, నడిస్తే పక్కకు ఒరుగుతాడు.

"చిన్ గారూ, లోపలికి రండి. చెప్పులు విప్పండి, లేకపోతే ఆమె వచ్చాక నన్ను చంపుతుంది."

గుమ్మం దగ్గర ఆడవాళ్ళ చెప్పులు రెండు జతలు. ఒక జత గులాబీ రంగుది, అడుగున అంటించిన ధర చీటీ ఇంకా ఊడలేదు. రెండో జత బీరువా కిందికి తోసేసి ఉంది. మడమ దగ్గర అరిగి, ఎడమది కుట్లు వేసిన నల్ల చెప్పులు. స్నానాల గదిలో ఆమె బ్రష్ కొత్తది, పొడిగా ఉంది. వాడిన బ్రష్ ఆమె వెంట ఆ ఇంటికి వెళ్ళి ఉంటుంది. ముందు గదిలో అయిదు ఫోటోలు, అయిదు కొత్త మేకులు. గోడ సున్నపు పొడి ఇంకా కింద రాలి ఉంది.

"గులాబీ చెప్పులు ఎప్పుడు కొన్నారు?"

"ఆగస్టు ఒకటిన."

"అవి తొడుక్కునేవి కావని మీ ఇద్దరికి కాక ఎవరికి తెలుసు?"

డెస్మండ్ వంటింట్లోకి నడిచాడు. వెనకే వెళ్ళాను.

ఎప్పుడైనా సరే, ఇంటి అసలు సరుకు వెనక గదిలోనే ఉంటుంది. వంటింటి గోడకు మూడు క్యాలెండర్లు ఒకదాని కింద ఒకటి వేలాడుతున్నాయి. చేపల అంగడి వాళ్ళు ఏటా ఊరికే ఇచ్చేవి, మా చంద్రుడి తేదీలూ ఇంగ్లీషు తేదీలూ రెండూ ఉండేవి. పాతవి తీసి పారేయలేదు. మూడింటిలోనూ నీలం సిరాతో ఒక్కో తేదీకి సున్నా చుట్టి ఉంది. ఈ ఏడాది సెప్టెంబర్ ఇరవై అయిదు. పోయినేడు అక్టోబర్ ఏడు. అంతకు ముందు ఏడాది సెప్టెంబర్ పదిహేడు కొట్టేసి పద్దెనిమిది.

"ఇవేమిటి?"

"ఆమె పుట్టినరోజు. ఒక్క ఏడాదీ కుదురుగా ఉండదు చిన్ గారూ, చేపలా జారుతుంది. ఎనిమిదో నెల పదిహేనున వచ్చే చంద్రుడి పండగ ఎప్పుడో చూసి, అక్కడి నుంచి ఎనిమిది రోజులు లెక్కపెడతాను." గర్వంగా చెప్పాడు. "మొదటి ఏడాది తప్పాను. ఏడు లెక్కపెట్టాను. నవ్వింది, కానీ పుట్టినరోజు నూడుల్స్ మాత్రం మర్నాడే వండింది."

సున్నాలు కాక అడ్డగీతలు కూడా ఉన్నాయి. ఇరవై ఆరు రోజుల గీత, నాలుగు రోజుల ఖాళీ, మళ్ళీ ఇరవై ఆరు. ఖాళీ మొదలయ్యే ప్రతి తేదీలోనూ గోరంత ఇల్లు బొమ్మ. పోయినేడు మార్చిలో ఒక ఇంటి మీద కూర మరక పడి, సిరా అలుక్కుపోయి, దాని పక్కన ఇంకోటి గీసి ఉంది.

ఫ్రిజ్ పై అర తెరిచాను. పుల్ల క్యాబేజీ, పంది మాంసం కూరిన, కజ్జికాయల్లాంటి జావ్‌జీలు, ఒక్కో డబ్బాలో పద్దెనిమిది. మూతల మీద ఎర్రగా అంకెలు. పదమూడు, పద్నాలుగు, అలా ఇరవై ఆరు దాకా. పన్నెండోది కింది అరలో మంచు కరుగుతోంది. ఒకటి నుంచి పదకొండు దాకా కడిగి గట్టు మీద బోర్లించి ఉన్నాయి.

"వెళ్ళే ముందు రెండు రోజులు కూర్చుని చేసి పెడుతుంది" అన్నాడు. "నాకు గుడ్డు తప్ప ఏమీ వండటం రాదు. ఇవాళ్టిది తింటే ఇంకా పద్నాలుగు. అవి అయిపోతే ఆమె వస్తుంది."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో వెంటనే తెలియలేదు.

"ఇంత సరుకు ఇంట్లో పెట్టుకుని, ముందు గదిలో ఆ రంగు రొయ్యలు ఎందుకయ్యా?"

పెద్ద మనిషి. మొహం ఎర్రబడింది. ఆల్బమ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మా పెళ్ళికి ఒక్క ఫోటో లేదు. సోమవారం, ఆమెకు రెండు గంటలే సెలవు. నేను గ్రీజు బట్టల్లోనే వెళ్ళాను. సంతకాలయ్యాక నిలబడే నూడుల్స్ తిన్నాం, ఆమె పసిపిల్ల దగ్గరికి పరుగెత్తింది. ఇంటర్వ్యూకి ఫోటోలు కావాలని ఎవరో చెప్పారు. ఆమె ఆ దుకాణంలో నమూనాలు చూసి, 'మా అమ్మకు కూడా పంపొచ్చు' అంది. ఆ మాట విన్నాక వద్దని ఎలా అనను? జూలై ఇరవైన, ఒకే మధ్యాహ్నం, నాలుగు రుతువులూ తీశారు. మఫ్లర్ చుట్టుకుని చెమటలో తడిసిపోయాను."

మూడో పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. గుడ్డ మీద గీసిన మంచు ముందు యున్‌ఫాంగ్ నవ్వుతోంది. ఎర్ర ఊలు కోటు. మూడో గుండీ నల్లది.

ఆ గుండీ కుట్టింది నేనే. నా ఓవర్‌కోటుది కోసి, నల్ల దారంతో, వంకరగా కుట్టాను. కోటు నా భార్య హ్వేజెన్‌ది.

ఇక్కడ నా సంగతి చెప్పక తప్పదు. ఎనిమిదేళ్ళ కిందటి దాకా, ఎండు సరుకుతో పాటు నేను ఇంకో సరుకూ అమ్మాను. పాంగ్ యాలి అనే ఆవిడ, నేను కలిసి దొంగ పెళ్ళిళ్ళకు ఆల్బమ్‌లు కట్టేవాళ్ళం. తెర గుడ్డలు ఆమెవి. బట్టలు, జతలు, తేదీలు నావి. ఒక చలికాలం ఎర్ర కోటు కావలసి వచ్చి, హ్వేజెన్ ఆసుపత్రిలో ఉండగా, బీరువాలోంచి తీసుకెళ్ళాను. 'నా ఎర్ర కోటు ఏది, ఇంటికి వెళ్ళేటప్పుడు తొడుక్కుంటాను' అని అడిగింది. ఉతకడానికి ఇచ్చానన్నాను. జనవరిలో హ్వేజెన్ పోయింది. ఆసుపత్రి వాళ్ళ నీలం దుప్పటిలోనే తీసుకొచ్చాం. ఆ తర్వాత యాలి ఫోటో దుకాణం మెట్లు ఎక్కలేదు. కోటు అడగడానికి కూడా మొహం చెల్లలేదు.

"తీసింది పాంగ్ యాలేనా?"

డెస్మండ్ తలూపాడు. "ఆగస్టు మూడున పాఠాలు అని పిలిచింది. మా ఆవిడ పుట్టినరోజు ఆగస్టులో అని చెప్పమంది. నేను అబద్ధం చెప్పను, నా భార్య సంగతి నాకు తెలుసు అని లేచి వచ్చేశాను. ఇంకా ఎనిమిది పాఠాలున్నాయి, మానేస్తే చాలా నష్టపోతారు అంది."

మూడున లేచి వచ్చాడు. పన్నెండున ఉత్తరం. చెప్పులు, పుట్టినరోజు, రాత్రుళ్ళు, మూడూ తెలిసిన మనిషి ఒక్కతే. సరుకు అమ్మేదీ ఆమే, చెడగొట్టేదీ ఆమే, బాగుచేస్తానని మళ్ళీ పిలిచేదీ ఆమే.

"రేపు ఆల్బమ్ మీరే వెనక్కి తీసుకోండి. ఎందుకు తీయించారో ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పండి. క్యాలెండర్లు మూడూ వెంట తీసుకురండి. అప్పటి దాకా మేకుల మీద నుంచి కదిలించొద్దు."

"డబ్బాలు?"

"ఖాళీవి తెండి. పన్నెండూ."

యాలి దుకాణం అక్కడి నుంచి ఏడు నిమిషాల నడక. నాకు మూడున్నర గంటలు పట్టింది. గ్రంథాలయం మెట్ల దగ్గర కూర్చున్నాను. లేచాను. మళ్ళీ కూర్చున్నాను.

మూడు యాభైకి మెట్లు ఎక్కాను. ముందు బల్ల దగ్గర కళ్ళజోడు పెట్టుకున్న నడివయసు గుమాస్తా కాగితాలకు ముద్రలు వేస్తోంది. లోపల యాలి. యాభై రెండేళ్ళు, అప్పుడు ఎంత చక్కగా ఉందో ఇప్పుడూ అంతే. వెనక కొయ్యలకు కోట్లు వరసగా వేలాడుతున్నాయి. ఎర్రది చివర ఉంది.

"చిన్ అన్నా! ఎనిమిదేళ్ళకు దారి గుర్తొచ్చిందా? టీ తాగుతావా, లేక లాయర్ల టీ అలవాటై మాది గొంతు దిగదా?"

"డెస్మండ్, యున్‌ఫాంగ్‌ల మీద ఉత్తరం నువ్వు రాశావు."

"నేనా? నాకు ఇంగ్లీషు ఏమాత్రం వచ్చో నీకు తెలియదూ?"

"ఆగస్టు మూడున పాఠం మానేశారు. తొమ్మిది రోజులకు ఉత్తరం చేరింది. గులాబీ చెప్పులు కొనిపించింది నువ్వు. పుట్టినరోజు మార్పించింది నువ్వు. రేపు ఇదంతా అధికారికి చెబుతారు."

"చెప్పనీ. దొంగ ఫోటోలు పెట్టిన జంట మాట ఎవరు వింటారు?"

"ఆ పెళ్ళి నిజం."

"తెలుసు." పళ్ళు కనిపించేలా నవ్వింది. "నిజం పెళ్ళిళ్ళ వాళ్ళే ఎక్కువ భయపడతారు అన్నా. దొంగ పెళ్ళి వాడికి పోయేది కార్డే. వీళ్ళకు కాపురమే పోతుంది. అందుకే పాఠాలకు వాళ్ళే వస్తారు."

అక్కడ నేను తప్పు చేశాను. ఇరవై రెండేళ్ళు బేరాలాడిన వాడిని, చేతిలో ఉన్నది ముందే చూపించకూడదని తెలిసిన వాడిని. కానీ కోపం, దాని కింద సిగ్గు.

"వాళ్ళ వంటింట్లో మూడేళ్ళ క్యాలెండర్లున్నాయి. ప్రతి ఏడాదీ మారే పుట్టినరోజు, ఆమె ఇంట్లో లేని ప్రతి రోజూ అతని చేత్తో రాసి ఉన్నాయి. దాని ముందు నీ ఉత్తరం గడ్డిపోచ."

యాలి ముఖం మారలేదు. ఒక చెయ్యి టీ కప్పు మీద, రెండోది బల్ల కింద. బల్ల కింద చెయ్యి కదులుతోంది. అరచేతిలో రెండు అక్రోట్లు తిప్పే పాత అలవాటు ఇంకా పోలేదనుకున్నాను.

"సరే అన్నా. రేపు అన్నీ చెప్పు. ఇది కూడా చెప్పు." సొరుగు లాగి, ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం నా ముందు పరిచింది.

నా పాత దుకాణం చీటీ కాగితం. పైన ఎర్ర రొయ్య బొమ్మ. కింద నా చేతిరాత, ఇంగ్లీషులో. 'ఈ భార్యాభర్తలు ఒకే కప్పు కింద పడుకోరు. గుమ్మం దగ్గర కనిపించే ఆడవాళ్ళ చెప్పులు చూపించడానికి పెట్టినవి. భార్య పుట్టినరోజు ఎప్పుడో భర్తను అడగండి, తెలియదు.'

"పదకొండేళ్ళయింది" అంది. "వాల్టర్, షావ్‌మిన్. మనల్ని వదిలి పక్క వీధి వాడి దగ్గరికి పోయారని నీకు మండింది. టైపు చేయమని నువ్వే ఇచ్చావు. మంచి ముక్క అన్నా. ఒక్క అక్షరం మార్చే పని లేదు. పేర్లు మారిస్తే చాలు. ఇప్పటికి పద్నాలుగు సార్లు వాడాను."

కాగితం మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయాను. షావ్‌మిన్‌ను చైనాకు పంపించేశారు. వాళ్ళది కూడా నిజం పెళ్ళే. అది నాకు ఆమె వెళ్ళిన తర్వాత తెలిసింది. వాల్టర్ రెండేళ్ళ పాటు నెలనెలా నా దుకాణానికే వచ్చాడు, ఆమెకు పార్సిల్ పంపడానికి ఎర్ర ఖర్జూరాలు కొనుక్కోవడానికి. 'ఆమెకు రక్తం తక్కువ' అనేవాడు. ప్రతిసారీ తూకం అయ్యాక ఇంకో గుప్పెడు వేశాను. నువ్వు మంచివాడివి చిన్ అనేవాడు. మూడో ఏడాది రావడం మానేశాడు. ఎందుకని కనుక్కోలేదు.

"నీ పౌరసత్వం ఎన్నేళ్ళది?" యాలి కాగితం మళ్ళీ సొరుగులో పెట్టింది. "నువ్వు నోరు విప్పితే ముందు లాక్కునేది దాన్నే. అరవై మూడేళ్ళ వయసులో ఎక్కడికి పోతావు? మనం కట్టిన ఆల్బమ్‌లు నలభై ఒకటి. నేను మర్చిపోలేదు."

"నలభై మూడు" అన్నాను.

లేచి, కొయ్య మీద నుంచి ఎర్ర కోటు తీసుకున్నాను. ఆపలేదు.

"తీసుకెళ్ళు, అన్నా. నీదే కదా. వదినకు బాగుండేది."

నాలుగూ పదిహేనుకు బయటికి వచ్చాను. ముందు బల్ల దగ్గర ముద్ర పడి ఉంది, కాగితాలు సగంలో ఉన్నాయి. కళ్ళజోడు ఆవిడ కుర్చీ ఖాళీ. అది చూసి కూడా నాకు తోచలేదు.

వీధి మలుపులో ఫోను మోగింది. డెస్మండ్.

"చిన్ గారూ, మీ మనిషికి ఇచ్చేశాను. జాగ్రత్తగా చుట్టి పట్టుకెళ్ళింది."

"నా మనిషెవరు? ఏం ఇచ్చారు?"

"క్యాలెండర్లు. మూడూ. మీరే పంపారంది. కళ్ళజోడు పెట్టుకుంది, చాలా మర్యాదగా మాట్లాడింది. చెప్పులు కూడా విప్పి లోపలికి వచ్చింది." అతని గొంతు మారింది. "మీరు పంపలేదా?"

నాలుగూ పద్దెనిమిది. యాలి బల్ల కింద తిప్పింది అక్రోట్లు కాదు, ఫోను. ఈపాటికి మూడేళ్ళ సిరా ఏ బేకరీ పొయ్యిలోనో పడి ఉంటుంది. ఉదయం ఆ క్యాలెండర్లకు నా ఫోనులో తీసుకున్న ఫోటోలున్నాయి. కానీ దొంగ ఫోటోలతోనే అనుమానం తెచ్చుకున్న జంట ఇంకో మూడు ఫోటోలు చూపిస్తే ఏ అధికారి నమ్ముతుంది? మిగిలినవి పన్నెండు ఖాళీ డబ్బాలు. డబ్బాల మీద అంకెలు ఎవరైనా ఒక మధ్యాహ్నంలో వేయొచ్చు.

చేతిలో ఇంకేముందని వెతుక్కున్నాను. కోటు ఉంది. యాలి తీసే ఆల్బమ్‌లన్నింటిలోనూ ఈ కోటు ఉంటుంది, అన్నింటిలోనూ ఈ నల్ల గుండీ ఉంటుంది. ఆ ఉత్తరం పదిహేను ఫైళ్ళలో ఉంటుంది, ఒక్క అక్షరం మారకుండా. ఆఫీసు వాళ్ళు ఆ పదిహేను ఫైళ్ళూ ఒక బల్ల మీద పెట్టి చూస్తే చాలు, అది సాక్షి రాసింది కాదు, అమ్ముకునే వాళ్ళు రాసిందని వాళ్ళకే తెలుస్తుంది. కానీ ఆ ఫైళ్ళు ఏవో, ఎందుకు తెరవాలో చెప్పే మనిషి కావాలి.

"డెస్మండ్ గారూ, తప్పు నాది. పన్నెండో డబ్బా తిన్నారా?"

"ఇంకా లేదు. తినాలనిపించడం లేదు."

"తినండి. రేపు మీ ఆవిడకు కడిగిన డబ్బా కనిపించాలి."

పెట్టేసి ఆడ్లర్‌కు చేశాను. నాలుగూ ఇరవై రెండు.

"చెప్పండి చిన్ గారూ. అబద్ధం సంగతి పొద్దున తేలింది, పెళ్ళి నిజమేనా?"

"యున్‌ఫాంగ్ అబద్ధం సిగ్గుతో చెప్పింది. పెళ్ళి మాత్రం నిజం, పూచీ నాది. రేపు సాక్షుల్లో ఇంకో పేరు చేర్చండి. ముందు ఆ సాక్షినే పిలవమనండి, ఎనిమిది గంటలకే. అతనికి మీరు కాక వేరే లాయర్ని చూడండి, అతనికి అవసరం పడుతుంది."

"ఎవరతను? ఉత్తరం రాసింది ఎవరో తెలిసిందా?"

నాలుగు రోడ్ల దగ్గర దీపం రెండుసార్లు మారింది. కోటు చేతి మీద బరువుగా ఉంది. బొటనవేలు దానంతటదే మూడో గుండీ మీదికి వెళ్ళింది. దారం ఇంకా గట్టిగానే ఉంది.

"తెలిసింది" అన్నాను. "నేనే."